ఎవరి మీదా వెయ్యకుండా

చిరుగు కనిపించలేదు.

కోటు తీసుకోవడానికి వచ్చినావిడ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురుకు అడ్డంగా పట్టింది. ఎడమ మోచేతి దగ్గరే, మేకుకు తగులుకుని చిరిగింది. తనే స్వయంగా తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు వేలితో తడిమినా తెలియడం లేదు. చెయ్యి లోపలికి దూర్చి తిరగేసింది. లోపలివైపు మాత్రం సన్నటి దారాలు వలలా అల్లుకుని ఉన్నాయి.

"ఇది ఎవరు చేశారండీ?"

ఇస్త్రీ బల్ల దగ్గరున్న టైలరు మాస్టారు తలెత్తకుండా గడ్డంతో మూలకు చూపించాడు. అక్కడ స్టూలు మీద, ఒళ్ళో ఎవరిదో ఉన్ని చొక్కా పెట్టుకుని, దారం కొస నోట్లో తడుపుకుంటూ కూర్చుని ఉంది రఫూ పిల్ల. చిరుగుల్ని దారంతో అల్లి మాయం చేయడం ఆమె పని. పెళ్ళయి, మూడేళ్ళ కూతురున్నా ఆ కొట్లో అందరికీ ఆమె ఇంకా పిల్లే.

"దారం ఇంత బాగా ఎలా కలిసింది?"

"మీ కోటుదేనండీ. కింది మడతలోంచి లాగాను. బయట దారం ఎంత వెతికినా ఆ రంగు రాదు, మీది ఎండకి కాస్త వెలిసింది కదా." అనేశాక, వెలిసిందని అనకుండా ఉండాల్సిందేమో అని నాలుక్కరుచుకుంది.

ఆవిడ నవ్వింది. బల్ల కిందికి చూసింది. రఫూ పిల్ల ఒక కాలు ముందుకు చాపి ఉంది. ఆ కాలికి ఆనుకుని బల్ల కింద ఒక పాప ఖాళీ దారపు రీళ్ళతో ఆడుకుంటోంది. ఆ కాలి మీద బరువు తగ్గిందంటే చాలు, రఫూ పిల్ల చేతిలో పని ఆపి కిందికి వంగి చూస్తుంది. కత్తెర్లు, సూదులు, వేడి ఇస్త్రీపెట్టె. ఆ కొట్లో పిల్లను పెంచడమంటే కళ్ళు రెండూ సరిపోవు, అందుకే కాలిని కూడా కాపలా పెట్టింది.

"మీ పాపా? పేరేంటమ్మా?"

"గువ్వ అంటామండీ."

ఆవిడ కోట్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఈ ఊరికి బస్సులో కొన్ని గంటల దూరం. అక్కడ నేతలో లోపాలొచ్చిన కోట్లను సరిచేసే విభాగమంతా ఆవిడ కిందే. చెప్పవలసినదంతా నిలబడే చెప్పేసింది. ఇక్కడి జీతానికి రెండింతలు వస్తుంది. ఉండడానికి క్వార్టర్సు, పిల్లల్ని చూసుకునే గది, మొగుడికి గేటు దగ్గర పని. ఒకసారి వచ్చి చేతిపని చూపిస్తే చాలు, శనివారం తాను ఫోన్ చేస్తుంది, ఏ సంగతైనా అప్పుడు చెప్పచ్చు.

"చదువెంతవరకు?"

"తొమ్మిదిలో ఆపేశానండీ."

"ఫరవాలేదు. సూదికి చదువడగం."

ఆవిడ వెళ్ళిపోయాక కొట్లో ఇస్త్రీపెట్టె ఆవిరి చప్పుడొక్కటే మిగిలింది. మాస్టారు ఒకే లాగు మడతను మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. గుండీలకు కాజాలు కుట్టే పెద్దామె, అందరూ కాజాల అక్క అంటారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఏమే, నోరు తెరుచుకునే ఉంది, మూసుకో. ఈగ దూరుతుంది" అంది.

*

సాయంత్రం రఫూ పిల్ల రేవు మెట్లు దిగుతుంటే లాంచి అప్పుడే ఒడ్డుకు ఆనుతోంది. ఏటికి ఈ ఒడ్డున కొట్లు, ఆ ఒడ్డున ఇళ్ళు. మధ్యలో అటూ ఇటూ తిరిగే లాంచీల్లో ఒకదాన్ని ఆమె భర్త నడుపుతాడు. సరంగు అని పిలిస్తేనే పలుకుతాడు, సొంత పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుంటాడు.

ఆమె ఎక్కగానే బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి గుడ్డ పట్టీ తీసి ఒక కొస గువ్వ నడుముకూ ఇంకో కొస తన మణికట్టుకూ కట్టుకుంది.

"ఏమ్మా, పాపకు లంగరేశావా?" అని ఎదుటి బెంచీ ముసలాయన రోజూ అనే మాటే అన్నాడు.

"గాలొస్తే ఎగిరిపోయే రకమండీ" అని ఆమె రోజూ ఇచ్చే జవాబే ఇచ్చింది.

పొగమంచు నీళ్ళ మీదినుంచి లేస్తోంది. వెనక ఒడ్డు కొద్దికొద్దిగా చెరిగిపోతూ, చివరికి రొట్టెల బట్టీ పొగగొట్టం, గడియారం గోపురం మాత్రం మిగిలాయి. ముందు ఒడ్డున కొండ మీదికి మెట్లు మెట్లుగా ఎక్కిన ఇళ్ళల్లో దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. పై అంతస్తుల్లోంచి ఆడవాళ్ళు తాళ్ళతో బుట్టలు దింపుతున్నారు. కింద నిలబడ్డ కూరగాయలవాడు వాటిలో సరుకు వేసి, తాడు గుంజి, "లాగమ్మా!" అని కేకేస్తున్నాడు. అతను ఎప్పుడూ సరిగ్గా తూచడు, ఆ బుట్టలవాళ్ళు ఎప్పుడూ తిట్టక మానరు. ఆ తిట్లు వినపడే దూరానికి లాంచి రాగానే ఆమె భుజాలు వాటంతటవే వదులయ్యేవి. ఇవాళ కాలేదు.

ఇంటికెళ్ళి సంగతి చెప్పింది. సరంగు తడి బూట్లు విప్పి పొయ్యి పక్కన బోర్లించాడు.

"నీ ఇష్టం" అన్నాడు.

"నా ఇష్టం అని నా నెత్తిన పడెయ్యకు. నువ్వేమనుకుంటున్నావో చెప్పు."

"నేనేమనుకుంటాను? గేటు దగ్గర నిలబడితే కాళ్ళు తడవవు. అంతవరకు లాభమే."

"లాంచి లేకుండా ఉండగలవా నువ్వు?"

"లాంచి నన్ను కన్నదా ఏంటి?"

"నేను కన్నాను" అంది కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు. "నన్నెవరూ అడగరేం? నాకేమైనా ఇక్కడ పట్టాభిషేకం జరుగుతోందా? ఆ మెట్లెక్కలేక చచ్చిపోతున్నా. కింది అంతస్తు ఇల్లయితే ఎక్కడికైనా వస్తా."

మంచం పక్క గోడకు చెమ్మ మళ్ళీ పాకింది. పోయిన చలికాలమంతా గువ్వకు దగ్గు. ఆమె పాప వీపు మీద చెయ్యేసి, ఊపిరి లోపల గరగరమంటోందేమో అని చెవి ఆనించి విన్నది. ఏమీ లేదు. అయినా ఇంకోసారి విన్నది.

*

చేతిపని చూపించడానికి వెళ్ళినరోజు పాపను వెంటబెట్టుకునే వెళ్ళింది. తెల్లవారగానే బస్సెక్కితే, కొండలు దాటి, చదునైన నేల వచ్చి, ఎండ నెత్తికెక్కే వేళకి ఫ్యాక్టరీ గేటు ముందు దింపింది.

వంక పెట్టడానికి అక్కడ ఏమీ దొరకలేదు ఆమెకు. దొరికితే బాగుండునని వెతికింది కూడా. గదుల్లో వెలుతురు పాలలా పరుచుకుని ఉంది, కళ్ళు చికిలించే అవసరం లేదు. కుర్చీలకు వీపు ఆనుకునే పలక ఉంది. పిల్లల గదిలో నేల మీద మెత్తటి చాపలు, మూలలన్నిటికీ గుడ్డ తొడిగారు. గువ్వను అక్కడ దింపితే ఏడుస్తుందేమో అని గుమ్మంలో నిలబడింది. గువ్వ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చెక్క గుర్రం ఎక్కి కూర్చుంది. అది చూసి సంతోషపడాలో నొచ్చుకోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడిపోయింది.

మొదట నేతలో పోగు తెగిన కోటు ఇచ్చారు. అది ఇట్టే అల్లేసింది. తర్వాత పిల్లల కోట్ల కట్ట ఒకటి తెచ్చి ముందు పెట్టారు. చేతుల చివర్లు మడిచి కుట్టాలి. పనిలో పడింది. ఎంతగా తల వంచుకుని కుట్టిందో, ఆ కోటావిడ, అక్కడ అందరికీ మేడం, వెనక వచ్చి నిలబడింది కూడా తెలియలేదు.

మేడం ఒక కోటు తీసి, చేతి చివర నొక్కి చూసింది. ఇంకోటి తీసింది. "ఇవి ఇంత లావుగా ఉన్నాయేంటమ్మా?"

"లోపల గుడ్డ మడిచి పెట్టానండీ."

"అదనపు గుడ్డ కత్తిరించెయ్యాలి కదా?"

"పిల్లల కోట్లు కదండీ. చెయ్యి పెరుగుతుంది. కుట్టు విప్పి దింపుకోడానికి..." మాస్టారి కొట్లో అది చెప్పాల్సిన పని కూడా కాదు. పిల్లల బట్టకు లోపల గుడ్డ వదలకుండా కత్తెర వేస్తే ఆయన మూడ్రోజులు మాట్లాడడు.

"ఎవరి చెయ్యి పెరుగుతుంది?" అడిగింది మేడం.

ఆమె కోటు వంక చూసింది. దానికింకా గుండీలే లేవు. ఇన్నేళ్ళుగా ఆమె చేతిలోకి వచ్చిన ప్రతి బట్టకూ ఒక మనిషి ఉన్నాడు. భుజం ఒంకరున్నవాడు, జేబులో రాళ్ళు నింపుకునేవాడు, కొత్తగా పొట్ట పెరిగి సిగ్గుపడేవాడు.

"ఇది ఎవరిదీ కాదమ్మా, నంబరుది" అంది మేడం, కోపంగా కాదు, నవ్వుతూనే. "చెయ్యి పెరిగితే పై నంబరు కొనుక్కుంటారు. మొదట్లో అందరూ చేసే తప్పే అనుకుందామంటే, ఇలా ఇంకెవరూ చెయ్యలేదు. విప్పి మళ్ళీ కుట్టు."

మొహం మండిపోయింది ఆమెకు. విప్పింది. కత్తిరించింది. మళ్ళీ కుట్టింది. చివర్లు పల్చగా, తిన్నగా, కాగితంలా వచ్చాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి. మేడం వేలితో రాసి, "ఇంత తిన్నటి కుట్టు ఇక్కడ ఇద్దరికే వచ్చు" అంది. ఆ మాట ఆమె లోపలికంటా దిగింది. ఇన్నేళ్ళలో మాస్టారు, "ఊఁ" అనడం తప్ప ఏనాడూ పెదవి విప్పలేదు.

క్వార్టర్సు చూపించారు. రెండు గదులు, కింది అంతస్తు. ఆమె నేరుగా గోడ దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించింది. పొడిగా, కాస్త వెచ్చగా ఉంది. ముక్కు పెట్టి వాసన చూసింది.

మేడం అది చూసి, "నేనూ మీ ఊరిదాన్నే. ఆ చెమ్మ నాకు తెలుసు" అంది.

"అవునాండీ? ఎటువైపు?"

"కొండ వైపే. ఆ... ఏదో మెట్ల వీధి. పేరు నోట్లోనే ఉంది, రావట్లేదు చూడు." మేడం చెయ్యూపేసింది. "వచ్చిన కొత్తలో తెగ ఏడ్చేదాన్ని. నువ్వూ ఏడుస్తావు. భయపడకు, ఆర్నెల్లు పోతే ఊరు గుర్తుకే రాదు."

*

రాత్రి ఇంటికొచ్చి, "వెళ్దాం" అంది.

అంత తేలిగ్గా వచ్చింది మాట. గోడ పొడిగా ఉంది, పిల్ల ఏడవలేదు, కుట్టు తిన్నగా ఉందన్నారు. ఇంకేం కావాలి? అత్తగారు ఆ వెంటనే తన కుర్చీ బస్సు మీద ఎక్కుతుందా ఎక్కదా అని విచారించడం మొదలుపెట్టింది. సరంగు తాడు ముళ్ళతో కాయలు కాచిన అరచేతులు పొయ్యి దగ్గర చాచి, "ఊఁ. మంచిది" అన్నాడు. గువ్వ, "గుర్రం దగ్గరికా?" అని అడిగింది.

మర్నాడు కొట్లో చెప్పింది. కాజాల అక్క సూది దించకుండానే, "పో. పోయి నాలుగు రాళ్ళు వెనకేసుకో. నా వయసులో కూడా కాజాలు కుడుతూ కూర్చోకు" అని, ముక్కు చీదుకుని, "ఈ ఉన్ని ధూళి ఒకటి" అంది. మాస్టారు "ఊఁ" అన్నాడు.

మధ్యాహ్నం ఇచ్చిరావాల్సిన బట్టలు తీసుకుని, గువ్వ చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళింది. వీధి మలుపులో పెట్టె మోసుకుంటూ ఒక కొత్తమనిషి ఆగి, అద్దాల కొట్టుకు దారెటని అడిగాడు.

దారి అడిగితే చాలు ఆమె మొహం విప్పారుతుంది. చదువు ఆపేసిన మనిషికి ఇంకొకరు తెలియక అడిగే ప్రశ్నలు ఎన్ని ఉంటాయి గనక? "ఇలా తిన్నగా వెళ్ళకండి, తిన్నగా వెళ్తే చుట్టు. ఇదిగో, ఈ రొట్టెల బట్టీ పక్కన సందులో దూరండి. చీకటిగా ఉంటుంది, ఏం ఫరవాలేదు. చివర్లో తలుపు లేని వాకిలి వస్తుంది, ఎవరిదో ఇల్లు అనుకుంటారు, కాదు, అదే దారి. అందులోంచి వెళ్తే నేరుగా మెట్లు. పెట్టె జాగ్రత్త, మూడో మలుపులో మెట్టు ఊగుతుంది." చెప్పి ఊరుకోలేక వాకిలిదాకా కూడా వెళ్ళింది. అతను అటు వెళ్ళిపోయాక కూడా ఆమె అక్కడే నిలబడింది.

ఆర్నెల్లు పోతే.

ఇన్నాళ్ళూ బెంగ పెట్టుకుంటానేమో అనే భయపడింది. బెంగ అంటే ఓర్చుకోవచ్చు. దగ్గు లాంటిది, పడుకోనివ్వదు గానీ ఉందని తెలుస్తుంది. బెంగ కూడా ఉండదని, చెమ్మ ఆరినట్టు ఆరిపోతుందని, అది మంచి మాటలా చెప్పారు ఆమెకు.

పుట్టిన ఊరిని తలుచుకుని చూసింది. అక్కడినుంచి ఈ ఊరికి వచ్చేటప్పుడు బస్సు కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చింది, దిగేటప్పుడు అమ్మే తన వేళ్ళు విడదీయాల్సొచ్చింది. ఆ ఏడుపు గుర్తుంది. ఊరు? బడి గేటు కుడివైపా, ఎడమవైపా? గేటు రంగేంటి? తొమ్మిదో తరగతి కిటికీలోంచి ఏం కనపడేది? కళ్ళు మూసుకుని వెతికింది. కుట్టు విప్పేసిన చోట గుడ్డలా, ఏవో చిన్న చిన్న కన్నాలు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, చెయ్యి నొప్పి" అంది గువ్వ. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో, కూర తరుగుతూ తరుగుతూ, "వద్దులే. ఇక్కడే ఉందాం" అంది. ఎందుకని ఎవరైనా అడుగుతారని ఎదురుచూసింది. గొంతులో మాట సిద్ధం చేసుకుంది కూడా.

ఎవరూ అడగలేదు. అత్తగారు కుర్చీలోంచి లేచొచ్చి, ఆమె తల నిమిరి, "నా మోకాళ్ళు ఆ బస్సు కుదుపుకి తట్టుకోవనేగా? నాకు తెలుసే. నా కడుపున పుట్టినవాడికి కూడా తట్టలేదు ఈ మాట" అని కళ్ళొత్తుకుంది. సరంగు కత్తిపీట ఆమె ముందునుంచి లాక్కుని మిగిలిన కూర తనే తరిగాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ముక్కలన్నీ వంకరటింకర.

*

శనివారం పొద్దున్న లాంచిలో సరంగు ఆమెను బెంచీ మీద కూర్చోనివ్వలేదు. చక్రం పక్కన, గాలి తగలని చోట, తన సొంత స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఎక్కినవాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు: "రెండింతల జీతం కాదనుకుందండీ. నేను నీళ్ళు వదిలి ఉండలేనని!"

"అదృష్టవంతుడివి సరంగూ" అన్నాడు ముసలాయన. "మా ఆవిడ అయితే నన్ను నీళ్ళలోకి తోసి మరీ వెళ్ళేది."

ఆమె తల దించుకుని గువ్వ జుట్టు సర్దింది. సర్దిందే సర్దింది.

కొట్లో ఇంకో రకం. "పిల్లను ఊళ్ళు మార్చి తిప్పడం మంచిది కాదని ఆలోచించావు చూడు, అదీ తల్లంటే" అని కాజాల అక్క తన డబ్బాలోంచి సగం రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. మాస్టారు బయటికెళ్ళి, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, తనే టీ తెచ్చి ఆమె స్టూలు పక్కన పెట్టాడు. గొంతు సవరించుకుని, "కొట్టు మీద అభిమానం... మంచిది" అన్నాడు. ఆయన నోట ఒక్కసారి అన్ని మాటలు రావడం ఎవరూ వినలేదు.

ఆమె ఆ టీ తాగింది. అందరి మంచితనమూ ఎవరిదో కోటు తొడుక్కున్నట్టుగా ఉంది. వెచ్చగానే ఉంది, భుజాలు మాత్రం తనవి కావు. ఇలాగే ఉండిపోవచ్చు. ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి పేరు ఒక్కసారి వస్తే బతికినన్నాళ్ళూ పనికొస్తుంది.

"ఆవిడ ఫోన్ చేస్తే ఏం చెప్తావ్?" అంది అక్క. "పాపకు దగ్గని చెప్పెయ్. పిల్లల దగ్గు అంటే ఎవరూ మారుమాట్లాడరు."

"మీ అత్తగారికి కాళ్ళు" అన్నాడు మాస్టారు.

"మా ఆయన కూడా లాంచి మీద వేసెయ్యమన్నాడు" అంది రఫూ పిల్ల.

"అన్నీ కలిపి చెప్పు. ఒకటి కాకపోతే ఒకటి అతుక్కుంటుంది" అంది అక్క.

ఫోన్ గోడకు తగిలించి ఉంటుంది, ఇస్త్రీ బల్ల పక్కన. మోగింది. మాస్టారు తీసి, ఆమెకిచ్చి, పక్కకు జరగడం మర్చిపోయినట్టు అక్కడే నిలబడ్డాడు. అక్క సూది ఆపేసింది.

"ఏమ్మా, ఎప్పుడొస్తున్నావ్?" మేడం గొంతు హుషారుగా ఉంది.

"రాలేనండీ."

"ఇంట్లో ఒప్పుకోలేదా? మీ ఆయన నంబరివ్వు, నేను మాట్లాడతా."

ఎంత తేలిక! ఊఁ అంటే చాలు. ఎదుట అక్క తన గొంతు పట్టుకుని దగ్గుతున్నట్టు సైగ చేస్తోంది. మాస్టారు మోకాలు చూపిస్తున్నాడు.

"లేదండీ. అందరూ ఒప్పుకున్నారు. మా అత్తయ్య కుర్చీతో సహా తయారయ్యింది."

"మరి పాప సంగతా?"

"పాపకు మీ దగ్గరే బాగుంటుందండీ. గోడలు పొడిగా ఉన్నాయి." కాలు బల్ల కిందికి అందడం లేదు. తల తిప్పి చూసింది. గువ్వ రీళ్ళు దొర్లిస్తోంది.

"జీతం చాలదా? చెప్పు, మొహమాటపడకు."

"అయ్యో, కాదండీ."

"మరింకేంటమ్మా?"

"నాకు ఈ ఊరంటే ఇష్టమండీ."

అటువైపు ఏదో మిషన్ల మోత మాత్రం వినపడింది.

"అంతేనా?"

"అంతేనండీ."

"దానికేముంది? చెప్పాను కదా, ఆర్నెల్లు పోతే..."

"అందుకేనండీ" అంది ఆమె.

మేడం, "ఎవరో వద్దన్నారు. వాళ్ళ పేరు చెప్పడం నీకిష్టం లేదు. సరేలే, నీ కుట్టు మాత్రం బాగుందమ్మా" అని పెట్టేసింది.

ఆమె ఫోన్ తగిలించి వెనక్కి తిరిగింది. అక్క చెయ్యి ఇంకా గొంతు మీదే ఉంది.

"అయితే పిల్ల కోసం కాదా?"

"కాదక్కా."

"కొట్టు కోసం?" అన్నాడు మాస్టారు.

"కొట్టు కూడా ఊళ్ళోదే కదండీ. కొంత ఉంటుంది."

మాస్టారు ఆమె స్టూలు పక్కనున్న ఖాళీ గ్లాసు వంక చూశాడు. "మరి నాతో టీ ఎందుకు మోయించారు?" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. అక్క పకాలున నవ్వింది. కానీ ఆ సాయంత్రందాకా ఆమె వంక ఓరగా చూస్తూనే ఉంది, కొత్తగా కొట్లో చేరిన మనిషిని చూసినట్టు. రఫూ పిల్ల తన మూలకు వెళ్ళి, కాలు చాపి, గువ్వ వీపు దానికి ఆనేదాకా ఆగి, సూది తీసుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. చలికాలం వస్తుంది, గోడ చెమరుస్తుంది, పిల్ల దగ్గుతుంది. దగ్గినప్పుడల్లా ఈ ఫోన్ గుర్తొస్తుంది, ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

లాంచి రేవులో ఉంది. జనం ఎక్కుతున్నారు. సరంగు ఒడ్డున నిలబడి గుంజకు కట్టిన తాడు విప్పుతున్నాడు. ఆమెను చూడగానే, "ఫోన్ చేసిందా ఆవిడ? నా మీదే వేశావు కదా?" అన్నాడు.

"లేదు."

"అమ్మ మోకాళ్ళా?"

"ఎవరి మీదా వెయ్యలేదు. నాకు ఈ ఊరంటే ఇష్టమని చెప్పా. అదే నిజం. నీ కోసం కాదు."

అతను తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "పొద్దున్నుంచీ రేవంతా చాటింపేశానే!"

"వెళ్ళి మళ్ళీ చెప్పుకో."

"ఓసి నీ..." అని నవ్వబోయి, ఆగి, నీళ్ళ వంక చూశాడు. "అయితే నేనూ ఒకటి చెప్పనా? ఆ గేటు పని మీద నాకు ఆశ పుట్టింది. నిజంగానే. పొడి బూట్లు, కుర్చీ. రెండు రోజులు దాని గురించే అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"నా కోసం వదులుకుందిరా అనుకున్నా. అంత వదులుకున్న మనిషితో, నాకది కావాలనుందని ఎలా చెప్పను?"

"ఇప్పుడు చెప్పావుగా."

"ఇప్పుడు చెప్తే నువ్వేమైనా ఫోన్ చేస్తావా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "చెయ్యను" అంది.

"చెయ్యవని తెలుసు." అతని గొంతులో కోపం లేదు. కొంచెం అలసట ఉంది, దాని కింద ఇంకేదో, ఆమెను చూసి ముచ్చటపడుతున్నట్టు. "చెప్పకుండా ఉంటే కడుపుబ్బరం, అందుకని చెప్పా."

తాడు పట్టుకున్న అతని చెయ్యిని ఆమె తీసుకుంది. తడి తాడు కోసిన చోటల్లా వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఉంది. పాత పగుళ్ళ మీద కొత్తవి. రోజంతా ఎవరెవరి మోచేతుల చిరుగులో వెలుతురుకు పెట్టి చూసే మనిషి, ఈ చెయ్యిని ఎప్పుడు చూసింది? బొటనవేలితో ఒక్కొక్క పగులే తడిమింది. క్షమించమని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే పొద్దున్న ఫోన్లో అన్న మాట వెనక్కి తీసుకున్నట్టవుతుంది.

"ఏం సరంగూ," అని లాంచిలోంచి కేకేశాడు ముసలాయన, "ఇవాళ దాటిస్తావా, ఈదుకుంటూ పొమ్మంటావా?"

"చెయ్యి వదిలితే కదండీ దాటించేది!" అని అరిచాడు సరంగు.

లాంచంతా నవ్వింది. గువ్వ ఎందుకో తెలియకపోయినా అందరికంటే గట్టిగా నవ్వింది. ఆమె ఇంకాసేపు వదల్లేదు.